కార్న్‌ఫ్లేక్స్ పెట్టె మీది ఆకుపచ్చ ముద్ర

నమస్కారం. పోయిన వీడియోలో మా వంటింటి అలమర చూపించినప్పుడు కార్న్‌ఫ్లేక్స్ పెట్టె మీది గుండ్రటి ఆకుపచ్చ ముద్ర అమ్మ కంట పడింది. ‘ఏమ్మా, పసిదానికి ఆ జన్యుమార్పిడి తిండి పెడుతున్నావా?’ అని వెంటనే ఫోన్ చేసింది. అమ్మకు వచ్చిన సందేహమే మీలో చాలామందికి వచ్చి ఉంటుంది కనుక ఈ రోజు ఆ విషయమే మాట్లాడతాను.

ఇదిగో, దగ్గరగా చూడండి: పొలం, మొక్క, సూర్యుడు, చుట్టూ ‘బయోఇంజినీర్డ్’, అంటే జన్యుమార్పిడి చేసినది, అన్న మాట. అమెరికాలో 2016లో చేసిన చట్టం ప్రకారం 2022 జనవరి 1 నుంచి ఈ సంగతి కొనేవారికి తెలియజేయడం తప్పనిసరి అయింది. ఇది ప్రమాద హెచ్చరిక కాదు; విత్తనాన్ని ఏ పద్ధతిలో తయారుచేశారో మాత్రమే చెబుతుంది.

నేను అమెరికాకు వచ్చిన కొత్తలో, కడుపుతో ఉండి, అడగడానికి దగ్గర పెద్దవాళ్లెవరూ లేని రోజుల్లో, ‘జన్యుమార్పిడి లేనిది’ అని రాసి ఉన్న ఉప్పును రెండు డాలర్లు ఎక్కువ పెట్టి కొన్నాను. ఉప్పు ఖనిజం, దానికి జన్యువులే ఉండవని అప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. భయపడే తల్లికి ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు ఉండాలి.

2015లో అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ ప్రకటించిన సర్వేలో జన్యుమార్పిడి ఆహారం సురక్షితమని శాస్త్రవేత్తల్లో 88 శాతం మంది అంటే, సాధారణ ప్రజల్లో 37 శాతం మందే అన్నారు. ఆ మరుసటి ఏడాది అమెరికా జాతీయ అకాడమీలు వందలాది పరిశోధనలను పరిశీలించి, ఈ ఆహారం వల్ల ఆరోగ్యానికి మామూలు ఆహారం కంటే ఎక్కువ ముప్పు ఉన్నట్లు ఆధారం దొరకలేదని తేల్చాయి.

బీటీ మొక్కజొన్న అంటే పురుగును చంపే ప్రోటీను తయారయ్యేలా బీటీ అనే బ్యాక్టీరియా జన్యువు చేర్చినది. ఆ ప్రోటీను, పంటను తినే పురుగు పేగులోని క్షార గుణం వల్ల చురుకై, పేగు గోడకు అతుక్కుని పురుగును చంపుతుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా ఆ ప్రోటీను అతుక్కునే చోటు మన పేగుల్లో లేదు. అలాగని ప్రతి మార్పూ మంచిదేనని నేను అనను. బ్రెజిల్ నట్ జన్యువు చేర్చిన సోయాలోకి ఆ గింజ అలర్జీ కూడా వచ్చిందని పరీక్షలో బయటపడగానే, దాన్ని అమ్మకానికి తేకుండానే ఆపేశారు. అందుకే ‘జన్యుమార్పిడా, కాదా’ అని కాక ‘ఏ జన్యువు చేర్చారు, ఏం పరీక్షించారు’ అని అడగాలని నా అభిప్రాయం.

ఇదంతా విన్న అమ్మ, ‘మరి మన బీటీ వంకాయను ఎందుకు ఆపారే?’ అంది. 2009లో నిపుణుల సంఘం సరేనన్నా, మరిన్ని స్వతంత్ర పరీక్షలు కావాలని, ప్రజలకు నమ్మకం కలగాలని 2010 ఫిబ్రవరిలో కేంద్రం ఆపిందని చెప్పాను. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి గింజల నూనె మాత్రం మన వంటనూనెల్లో కలుస్తూనే ఉందని, తను రోజూ వేసుకునే ఇన్సులిన్ కూడా జన్యువు మార్చిన సూక్ష్మజీవులు తయారుచేసేదేనని చెప్పేసరికి, అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ పెట్టె ఇంకోసారి దగ్గరగా చూపించు’ అంది.