ఇంటి సర్వర్‌కు వీధి తలుపు వద్దు
(విజయవాడలో ఫోటో స్టూడియోల వారికి, చిన్న వ్యాపారులకు ఇచ్చిన ప్రసంగం)

మిత్రులారా, నమస్కారం.

ఒక్క పెళ్లికి తీసిన ఫోటోలు, వీడియోలు కలిపితే వందల గిగాబైట్లు అవుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. వాటిని ఇంట్లో సర్వర్‌గా, అంటే ఫైళ్లు దాచి అడిగినప్పుడు ఇచ్చే యంత్రంగా, పెట్టుకున్న ఒక కంప్యూటర్‌లో ఉంచుకుని, తెనాలిలో మండపం దగ్గర ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా తెరిచి చూసుకోవాలని మీరు అడుగుతున్నారు. అది చేయవచ్చు, పెద్ద ఖర్చు కూడా లేదు. కానీ బయటి నుంచి ఇంటికి చేరే దారిని ఎలా వేసుకుంటారన్న దాని మీదే మీ ఫైళ్ల క్షేమం ఆధారపడి ఉంటుంది.

యంత్రం గురించి క్లుప్తంగా చెబుతాను. వాడకుండా పక్కన పెట్టిన డెస్క్‌టాప్ చాలు. అందులో ఓపెన్‌మీడియావాల్ట్ అనే, ఫైళ్ల నిల్వ కోసం చేసిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటే సాంబా అనే ప్రోగ్రాం ద్వారా ఇంట్లోని విండోస్ కంప్యూటర్లకు, ఫోన్లకు ఫోల్డర్లు కనిపిస్తాయి. కరెంటు లెక్క మాత్రం చూసుకోండి. 60 వాట్లు తీసుకునే డెస్క్‌టాప్ రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. రాస్ప్‌బెరీ పై లాంటి చిన్న బోర్డు, డిస్కు కలిసి 10 వాట్లు తీసుకుంటే 7 యూనిట్లే. మన మే నెల ఎండలకు దాన్ని మూసిన బీరువాలో పెట్టకండి, గాలి తగలనివ్వండి.

ఇక అసలు విషయం. రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి, అంటే బయటి నుంచి సర్వర్‌కు వచ్చే ఒక తలుపు (పోర్టు) తెరిచి, సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు చూపించమని చాలామంది సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న పోర్టుల కోసం యంత్రాలు పగలూ రాత్రీ వెతుకుతూనే ఉంటాయి, మీరు ఎంత చిన్నవారన్నది వాటికి పట్టదు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం వ్యాపించింది ఈ ఫైల్ షేరింగ్ దారిలోనే, 445వ పోర్టు గుండానే. అది వాడుకున్న విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే ఇచ్చింది, వేసుకోనివారు చిక్కుకున్నారు. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దుష్ట ప్రోగ్రాం, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన క్యూనాప్ నిల్వ పరికరాల్లోకి చొరబడి ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అవి అచ్చంగా మనం ఇప్పుడు కట్టుకోబోతున్న లాంటి పెట్టెలే.

పోర్టు తెరిచినా పనిచేయలేదని కొందరు వాపోతుంటారు. కారణం చెబుతాను. ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే అంకెల చిరునామాను ఐపీ చిరునామా అంటారు. పాత పద్ధతివి సుమారు 429 కోట్లే, ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి 2011 ఏప్రిల్‌లోనే వాటి కొరత వచ్చిపడింది. అందుకే చాలా ఇంటర్నెట్ సంస్థలు ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నాయి. మీ రూటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీరూ ఆ పంపకంలో ఉన్నట్టే. బయటివారు మీ ఇంటిని నేరుగా చేరలేరు. అది మీకు మేలే చేస్తోందని నా అభిప్రాయం.

మరి మనం ఎలా చేరాలి? రెండు పరికరాల మధ్య ఇతరులు చదవలేని గుప్త దారి వేసే వైర్‌గార్డ్ అనే పద్ధతి ఉంది, 2020లో లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌లోనే చేరింది. మీ ఫోనుకు, సర్వర్‌కు చెరో తాళంచెవుల జత ఉంటుంది. సరైన తాళంచెవి లేనివారు తలుపు తడితే అది బదులే ఇవ్వదు. దాని మీద కట్టిన టెయిల్‌స్కేల్ అనే ప్రోగ్రాంను సర్వర్‌లోనూ ఫోనులోనూ వేసి, ఒకే ఖాతాతో ప్రవేశిస్తే చాలు. రెండు వైపుల నుంచీ బయటికి వెళ్లే సంబంధాలనే కలుపుతుంది కాబట్టి రూటర్‌లో ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. నేరు దారి కుదరకపోతే మధ్యలో టెయిల్‌స్కేల్ వారి సర్వర్ గుండా పంపుతుంది. అప్పుడు వేగం తగ్గుతుంది కానీ, రహస్య తాళంచెవులు మీ పరికరాలు దాటవు కనుక మధ్యవారు చదవలేరు. ఆ ఖాతాకు మాత్రం రెండంచెల ధ్రువీకరణ తప్పక పెట్టండి. మొత్తం భద్రత దాని మీదే నిలబడుతుంది.

మరొక సంగతి మన ఊరివారికి చెప్పి తీరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు వచ్చినప్పుడు నేల మీది పెట్టెలో ఒక డిస్కు ఉన్నా, రెండు డిస్కులు జతగా ఉన్నా ఫలితం ఒక్కటే. సర్వర్‌ను పై అంతస్తులో ఉంచండి, ఒక ప్రతి ఊరి బయట ఉంచండి. గుంటూరులో అక్కగారి ఇల్లు ఉంటే అక్కడ మరో చిన్న పెట్టె పెట్టి, దాన్నీ అదే టెయిల్‌స్కేల్‌లో చేర్చండి. అయితే 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా దొరికినా ఒక టెరాబైటు పంపడానికి 22 గంటలు పడుతుంది. అందుకని మొదటి ప్రతిని డిస్కులో పెట్టి బస్సులో తీసుకెళ్లడమే మంచిది. ఆ తరువాత మారినవి మాత్రమే రాత్రిపూట వెళ్తాయి.

ఈ పనికి రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం వాడండి. ఉత్త నకలు పెట్టుకుంటే ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరిగిపోతుంది. రెస్టిక్ తేదీల వారీగా పాత రూపాలను దాస్తుంది, పైగా అంతా గుప్తంగా ఉంటుంది కాబట్టి మీ ఖాతాదారుల ఫోటోలు అక్కడి ఇంటివారికి కూడా తెరుచుకోవు. దాని సంకేతపదం (పాస్‌వర్డ్) పోతే మాత్రం ఎవరూ తిరిగి తేలేరు. కాగితం మీద రాసి ఒకటి మీ ఇంట్లో, ఒకటి గుంటూరులో ఉంచండి. నెలకోసారి అక్కడి ప్రతి నుంచి ఏదో ఒక పెళ్లి ఆల్బమ్ ఫైలును వెనక్కి తెప్పించి, తెరిచి చూడండి.