పిల్లలమర్రి, మన సర్వర్ గది

అందరికీ నమస్కారం. పాలమూరు పిల్లలు కదా, పిల్లలమర్రికి పోనివాళ్లు మీలో ఉండరు. దూరం నుంచి అదొక చిన్న అడవి. దగ్గరికి పోతే అన్నీ ఊడలే, చెట్టు ఒక్కటే.

ఇక మన సర్వర్ గదికి వద్దాం. ఒకే సర్వర్ మీద అటెండెన్స్, లైబ్రరీ, కాలేజీ వెబ్‌సైట్ నడపాలి. ఒకదాని గొడవ ఇంకోదానికి అంటకూడదు. ఒక దారి వర్చువల్ మిషన్, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్. ఐబీఎం వాళ్లు 1960లలోనే మెయిన్‌ఫ్రేముల మీద చేశారు. 2007 నుంచి కేవీఎం పేరుతో లినక్స్ కెర్నల్‌లోనే, అంటే ప్రోగ్రాములకు మెమరీ, ప్రాసెసర్ పంచిపెట్టే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే ఉంది. ఇందులో ప్రతి మిషన్‌కూ సొంత కెర్నల్. ఒకదాని కెర్నల్ కూలినా పక్కది నడుస్తూనే ఉంటుంది. కాకపోతే ర్యామ్ బాగా తింటుంది.

రెండోది కంటెయినర్, ప్రోగ్రామును విడిగా ఉంచే పెట్టె లాంటిది. మన ఊడ ఇదే. లోపలి నుంచి చూస్తే సొంత ఐపీ, సొంత ఫైళ్లు, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) నంబర్లు కూడా 1 నుంచి మొదలు. కానీ కెర్నల్ అందరికీ ఒక్కటే. కెర్నల్‌లోనే రెండు ఏర్పాట్లున్నాయి: ఎవరికి ఏం కనబడాలో నేమ్‌స్పేస్ చూసుకుంటుంది, ఎవరు ఎంత వాడాలో సీగ్రూప్. 2013లో డాకర్ అనే కంటెయినర్ల సాఫ్ట్‌వేర్ వచ్చాక అందరి నోటా ఇదే మాట గానీ, ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇలాంటివి 2000 నుంచే ఉన్నాయి. వాటి పేరు జైళ్లు!

నేను దెబ్బతిన్నది సీగ్రూప్ దగ్గరే. ఒక ఆఫీసులో ఐదు కంటెయినర్లు పెట్టి, దేనికీ మెమరీ లిమిట్ పెట్టలేదు. ఒకరోజు పొద్దున డేటాబేస్ చచ్చిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే పది నిమిషాలకు మళ్లీ పోయింది. టెన్షన్‌లో డేటాబేస్ సెట్టింగులన్నీ తిరగేశా. మధ్యాహ్నానికి గానీ కెర్నల్ లాగ్ చూడాలని తట్టలేదు. పక్క కంటెయినర్‌లో రిపోర్టుల స్క్రిప్టు వందల చిన్న ప్రాసెస్‌లు పుట్టిస్తోంది. ర్యామ్ నిండగానే కెర్నల్ ఎవరో ఒకరిని చంపాలి. అది మామూలుగా ఎక్కువ మెమరీ పట్టుకున్న ప్రాసెస్‌నే చూస్తుంది. అంటే పాపం, డేటాబేస్‌ని.

పిల్లలమర్రికి చెదలు పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు, గుర్తుందా? కెర్నల్‌లో లొసుగు దొరికినా కథ అలాగే ఉంటుంది, ముప్పు అన్ని ఊడలకూ. అందుకే ముక్కూమొహం తెలియనివాళ్ల ప్రోగ్రాములు నడపాలంటే నేను వర్చువల్ మిషనే ఇస్తాను. మన సొంతవైతే కంటెయినర్ చాలు, లిమిట్ పెట్టి.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. ఈ కంటెయినర్‌కు 512 ఎంబీ మెమరీ లిమిట్ ఇచ్చాను. స్క్రిప్టు వదులుతున్నా. స్క్రిప్టు పోయింది చూశారా? పక్కన డేటాబేస్ నడుస్తూనే ఉంది.