చక్రవర్తి సెనేట్‌ను ఎందుకు మూసేయడు?

నమస్కారం. ఒక కల్పిత సామ్రాజ్యాన్ని ఊహించుకోండి. డ్రాగన్లున్నాయి, మాంత్రికులున్నారు, సింహాసనం మీద తిరుగులేని చక్రవర్తి ఉన్నాడు. రాజధాని నడిబొడ్డున పెద్ద సభాభవనం, అందులో మూడొందల మంది సెనేటర్లు. ఇలాంటి కథల్లో సెనేట్ అనగానే దాదాపు ఒకటే సీన్ వస్తుంది. ఒకాయన లేచి ఆవేశంగా మాట్లాడతాడు, సభ దద్దరిల్లిపోతుంది, చక్రవర్తి ఏమీ పట్టనట్టు లేచి వెళ్ళిపోతాడు. నాకు ఈ సీన్ చూసిన ప్రతిసారీ ఒకటే సందేహం. చక్రవర్తికి అంత బలం ఉంటే ఈ సభను ఇంకా ఎందుకు ఉంచుకున్నాడు? సభకు నిజంగా ఏ అధికారమూ లేకపోతే, ఈ సెనేటర్లు రోజూ ఎందుకు వస్తున్నారు?

కథ రాసేవాళ్ళు దీనికి జవాబు తయారుచేసుకోవాలంటే రోమ్‌ని చూడాల్సిందే. ఫాంటసీ సెనేట్లలో చాలావాటికి మూలం అదే.

చక్రవర్తులు రాకముందు, అంటే రోమన్ రిపబ్లిక్‌లో, సెనేట్ చట్టాలు చేసేది కాదు. చట్టాలు చేసేవి ప్రజల సభలు. సెనేట్ తీర్మానం పేరుకు సలహా మాత్రమే. కానీ ఆ సలహాను కాదనడం మామూలు విషయం కాదు. ఖజానా వాళ్ళ కనుసన్నల్లో ఉండేది, విదేశీ రాయబారులు వాళ్ళ ముందుకే వచ్చేవాళ్ళు, ఏ పదవికి ఏ ప్రాంతం అప్పగించాలో చాలావరకు వాళ్ళే తేల్చేవాళ్ళు. పైగా సభ్యులు ఒకప్పుడు పెద్ద పదవులు చేసినవాళ్ళు, ఒకసారి వస్తే దాదాపు జీవితాంతం ఉండేవాళ్ళు. మొదట సుమారు 300 మంది. సల్లా అనే సేనాని ఆ సంఖ్యను 600 దాకా తీసుకెళ్ళాడు, తర్వాత జూలియస్ సీజర్ 900కి పెంచాడు, తొలి చక్రవర్తి అగస్టస్ మళ్ళీ 600కి దించాడు. సభను పడగొట్టకుండానే మనవాళ్ళతో నింపేయవచ్చని సీజర్‌కి బాగా తెలుసు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఎవరు ముందు మాట్లాడాలన్న రూలు. అధ్యక్షత వహించే కాన్సుల్ (ఏడాదికి ఇద్దరు చొప్పున ఎన్నికయ్యే అత్యున్నత అధికారి) హోదా ప్రకారం ఒక్కొక్కరినీ అభిప్రాయం అడుగుతూ వస్తాడు. కిందిస్థాయి సభ్యుల దాకా వంతు రావడమే అరుదు. వాళ్ళు ఎవరి మాట నచ్చితే వాళ్ళ వైపుకి నడిచి వెళ్ళి నిలబడేవాళ్ళు, అదే ఓటు. అలాంటివాళ్ళకి ‘పెడారీ’ అని పేరు. లాటిన్‌లో పాదం అనే మాట నుంచి వచ్చింది. మీ కథలో హీరో కొత్తగా వచ్చిన సెనేటర్ అయితే, మొదటి రోజే ప్రసంగం ఇప్పించకండి. సంవత్సరాల తరబడి నోరు తెరిచే అవకాశం రాని ఒక తెలివైన మనిషి, కేవలం తను ఎటు నడిచి వెళ్తాడన్న దాంతో అందరినీ టెన్షన్ పెట్టడం చూపించండి.

ఇంకో రూలు చూడండి. సూర్యుడు అస్తమించాక చేసిన తీర్మానం చెల్లదు. క్రీ.పూ. 60లో సీజర్ స్పెయిన్ నుంచి విజయంతో తిరిగొచ్చాడు. ఆయనకి రెండు కోరికలున్నాయి. ఒకటి విజయోత్సవ ఊరేగింపు, రెండు కాన్సుల్ ఎన్నికలో పోటీ. పోటీ చేయాలంటే నగరంలోకి వచ్చి పేరు ఇవ్వాలి. ఊరేగింపు కావాలంటే అప్పటిదాకా నగరం బయటే ఉండాలి. అందుకే తను రాకుండానే పోటీకి ఒప్పుకోమని సెనేట్‌ని అడిగాడు. ఆయన్ని గట్టిగా వ్యతిరేకించే కేటో లేచి మాట్లాడుతూనే ఉన్నాడు, పొద్దు గూట్లో పడేదాకా. ఓటింగ్ జరగలేదు. సీజర్ ఊరేగింపు వదులుకుని నగరంలోకి వచ్చాడు.

ఇప్పుడు ఇందులో మంత్రం కలపండి. వెలుతురు పుట్టించే మాంత్రికుడు ఒకడున్నాడనుకుందాం. సభలో దీపంలా వెలిగితే అది పగలు అవుతుందా? కచ్చితంగా ఎవరో ఒకరు ఆ వాదన తెస్తారు. అప్పుడు సూర్యాస్తమయాన్ని అధికారికంగా ప్రకటించే ఒక చిన్న ఉద్యోగి అవసరమవుతాడు. సామ్రాజ్యంలో అందరికంటే ఎక్కువ లంచాలు అందేది అతనికే. నాకైతే కథ అక్కడే మొదలవ్వాలనిపిస్తుంది.

శకునాల సంగతీ అంతే. క్రీ.పూ. 59లో సీజర్‌తో పాటు కాన్సుల్‌గా ఉన్న బిబ్యులస్ ఇంట్లో కూర్చుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నానని ప్రకటిస్తూ ఆ ఏడాది సీజర్ చేసిన పనులు చెల్లవనిపించాలని చూశాడు. రోమ్‌లో దాన్ని పెద్దగా పట్టించుకోకుండా సీజర్ ముందుకెళ్ళాడు. మీ ప్రపంచంలో దేవుళ్ళు నిజంగానే జవాబిస్తే? అప్పుడు వీటో, అంటే ఏ నిర్ణయాన్నైనా ఆపేసే అధికారం, దేవుళ్ళ చేతిలో ఉన్నట్టే, వాళ్ళని ప్రసన్నం చేసుకునే పూజారి సెనేటర్లందరికన్నా పెద్దవాడు.

వీటో గురించి ఒక హెచ్చరిక. అది ప్రతి సభ్యుడికీ ఇస్తే ఏమవుతుందో పోలండ్ చూసింది. 1652లో ఒక్క ప్రతినిధి అభ్యంతరంతో వాళ్ళ పార్లమెంటు సమావేశం అర్ధాంతరంగా ముగిసింది. తర్వాత అది అలవాటైపోయింది. 1733 నుంచి 1763 దాకా పాలించిన పోలండ్ రాజు మూడో అగస్టస్ కాలంలో సరిగ్గా ఒక్క పార్లమెంటే పని పూర్తి చేసింది. పక్క రాజ్యాలకి సైన్యం పంపే ఖర్చు లేదు, ఒక ప్రతినిధిని కొంటే సరిపోయేది. 1791 రాజ్యాంగంలో దాన్ని తీసేశారు, కానీ 1795కల్లా దేశమే పటంలో లేకుండా పోయింది.

ఇక మన మొదటి ప్రశ్న. రోమ్ చక్రవర్తి అగస్టస్ సెనేట్‌ని ఎందుకు మూసేయలేదు? ఆయనకి ఆ అవసరమే రాలేదు. ట్రిబ్యూన్ అంటే సామాన్య ప్రజల తరఫున ఎన్నికయ్యే అధికారి. క్రీ.పూ. 23లో ఆ పదవిలో లేకుండానే దాని అధికారాలు తీసుకున్నాడు. వాటితో సెనేట్‌ని సమావేశపరచవచ్చు, ఏ పనినైనా ఆపవచ్చు. సభ్యుల జాబితాలో మొదటి పేరు కూడా ఆయనదే. కొత్త సింహాసనం ఏదీ కట్టకుండా పాత రూళ్ళన్నీ తన ఒక్కడి దగ్గరికి చేర్చుకున్నాడు. మరోపక్క సెనేటర్లు లేకపోతే ఆయనకి పూట గడవదు. చాలా ప్రాంతాల పాలకులూ, సైన్యాధికారులూ వాళ్ళలోంచే రావాలి. అంతగా అవసరమైన వాళ్ళంటే భయం కూడా ఉంటుంది. అందుకే ధాన్యం పంపే ఈజిప్టులోకి అనుమతి లేకుండా ఏ సెనేటర్‌నీ అడుగుపెట్టనివ్వలేదు.

ఆ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ కాలంలో జరిగిన ఒక విచారణ చెప్తాను. ఒక అధికారి మీద చక్రవర్తిని అవమానించాడన్న ఆరోపణ వచ్చింది. టైబీరియస్‌కి కోపం వచ్చి, ఈ కేసులో నేను కూడా అందరిముందూ ఓటేస్తానన్నాడు. సభంతా నిశ్శబ్దం. అప్పుడు పీసో అనే సెనేటర్ లేచి అడిగాడు: మీరు ఎప్పుడు ఓటేస్తారు? ముందు వేస్తే నాకు దారి తెలుస్తుంది, చివర్లో వేస్తే తెలియకుండా మీకు ఎదురు వెళ్తానేమో. టైబీరియస్ చల్లబడ్డాడు. ఆ అధికారి అవమానం కేసులోంచి బయటపడ్డాడు.