బొమ్మతో పాటు, చేసిన మనిషిని కూడా చూద్దాం

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పూట పిల్లల్ని కూడా వెంటపెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. చేతికళల గురించి ఏదైనా చెప్పమన్నారు కమిటీవాళ్ళు. నేనైతే మనముంటున్న ఈ వాషింగ్టన్‌లోనే ప్రతి ఏడూ జూన్ ఆఖర్న, జులై మొదట్లో జరిగే స్మిత్‌సోనియన్ ఫోక్‌లైఫ్ ఫెస్టివల్, అంటే ఇక్కడి మ్యూజియంలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థ పెట్టే జానపద కళల పండగ గురించే చెప్తాను, ఎందుకంటే మనలో చాలామందిమి జులై నాలుగున బాణసంచా చూడ్డానికి నేషనల్ మాల్ అనే ఆ పెద్ద పచ్చిక మైదానానికి వెళ్తాం, అక్కడ టెంట్లు కనిపిస్తాయి, ఏదో ఎగ్జిబిషన్ పెట్టారులే అనుకుని దాటి వెళ్ళిపోతాం.

1967లో మొదలైందది. అప్పట్లో స్మిత్‌సోనియన్ సంస్థకి పెద్ద డిలన్ రిప్లీ గారు. మాల్‌కి రెండు పక్కలా అంతంత మ్యూజియంలు ఉన్నాయి, మధ్యలో అంత పచ్చిక ఉంది, సందడే లేదని ఆయన బాధ. ఆ ఏడే అక్కడ రంగులరాట్నం కూడా పెట్టించారు. అద్దాల పెట్టెల్లో ఉన్న వాయిద్యాల్ని బయటికి తీసి వాయించేవాళ్ళ చేతికిస్తేనే వాటికి ప్రాణం అని నమ్మిన మనిషి. ఆ నమ్మకాన్ని పండగగా నిలబెట్టింది రాల్ఫ్ రింజ్లర్, స్వయంగా మాండొలిన్ వాయించేవాడు, అంతకుముందు న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ కోసం ఊరూరా తిరిగి పాటగాళ్ళనీ చేతిపనివాళ్ళనీ వెతికిపెట్టినవాడు. మొదటి ఏడు నాలుగు రోజులే. 1976లో అమెరికా 200 ఏళ్ళ పండగకి మాత్రం ఎండాకాలమంతా నడిపారు. టికెట్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అసలు విషయం ఏంటంటే, అక్కడ వస్తువు కన్నా మనిషి ముందు. బుట్ట అల్లేవాళ్ళు అల్లుతూనే ఉంటారు, మీరు ఎదురుగా నిలబడి ఈ పుల్ల ఎక్కడిది, ఎప్పుడు కోస్తారు, మీ పిల్లలు నేర్చుకుంటున్నారా అని ఏదైనా అడగొచ్చు, భాష రాకపోతే పక్కన దుబాసీ ఉంటారు. వచ్చినవాళ్ళకి ప్రయాణం, బస, గౌరవ వేతనం అన్నీ సంస్థే చూస్తుంది. అమ్మకాలకి వేరే మార్కెట్ టెంట్ ఉంటుంది. కాబట్టి పని చేసి చూపించేవాళ్ళు, ఈయన కొంటాడా కొనడా అని మన మొహం చూడాల్సిన పని లేదు, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

కొందరు అడుగుతారు, మనుషుల్ని తెచ్చి జనం ముందు కూర్చోబెట్టి చూపించడం తప్పు కాదా అని. ఆ అనుమానం న్యాయమైనదే, తీసిపారేయకూడదు. నా మటుకు నేను చూసేది, మైకు ఎవరి చేతిలో ఉందన్నది. పనిచేసే మనిషి తన పని గురించి తనే చెప్తున్నాడంటే అది సభ, వేరేవాళ్ళు ఆ మనిషి తల మీదుగా మాట్లాడుతుంటే మాత్రం అది తప్పే.

1985లో మన దేశం వంతు వచ్చింది. మన డిజైనర్ రాజీవ్ సేథీ, స్మిత్‌సోనియన్ తరఫున మానవశాస్త్రవేత్త రిచర్డ్ క్యూరిన్ కలిసి ఆ పండగలో మేళా అని పెట్టారు, అచ్చం మన తిరనాళ్ళలాగే, చేతిపనివాళ్ళతో పాటు గారడీవాళ్ళు, దొమ్మరులు, తోలుబొమ్మలవాళ్ళు కూడా. వాళ్ళలో కొందరు ఢిల్లీ షాదీపూర్ బస్తీలో ఉండేవాళ్ళు. ఇది కొంచెం మనసు పెట్టి వినండి. అప్పటి బిచ్చగాళ్ళ చట్టం ప్రకారం వీధిలో ఆడి పాడి డబ్బులడగడం కూడా అడుక్కోవడం కిందే లెక్క, అంటే సొంత ఊళ్ళో పోలీసులు పట్టుకుపోగల మనుషులు ఇక్కడ ప్రభుత్వ అతిథులుగా మాల్ మీద ఆడారు! ఢిల్లీలో ఆ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లని హైకోర్టు కొట్టేసింది 2018లో, మేళా అయిన 33 ఏళ్ళకి.

2002లో మాల్ మొత్తాన్ని సిల్క్ రోడ్, అంటే ఆసియా నుంచి యూరప్‌కి పాతకాలపు వర్తకుల దారి, చేసేశారు, ఒక చివర వెనిస్, రెండో చివర జపాన్‌లోని నారా. పాకిస్తాన్ నుంచి వచ్చిన కళాకారులు అక్కడే ఒక లారీకి రంగులేశారు. 2008లో భూటాన్‌వాళ్ళు ఏకంగా గుడే కట్టారు, ఆ గుడి తర్వాత టెక్సాస్‌లో ఎల్ పాసో యూనివర్సిటీకి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంక మన సంగతి. మన షోకేసుల్లో కొండపల్లి బొమ్మ ఉంటుంది, ఏటికొప్పాక లక్కపిడతలుంటాయి. ఆ కొండపల్లి బొమ్మది పొణికి చెక్క అని, చింతగింజల పిండితో అతుకులేస్తారని మన పిల్లలకెంతమందికి తెలుసు? శ్రీకాళహస్తి కలంకారీ బట్టని ముందు కరక్కాయ, పాలు కలిపి నానబెడతారనీ, ఆ నలుపు తుప్పుపట్టిన ఇనుముని బెల్లంతో పులియబెడితే వస్తుందనీ చెప్తే పిల్లలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు, అదే ఆ పనిచేసే అమ్మ నోటితో వింటే ఇంకెలా ఉంటుందో ఆలోచించండి. మన తెలుగు మహాసభల్లో చీరల స్టాల్స్ వరసలు వరసలుగా ఉంటాయి, నేసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. నాకిది నిజంగా బాధగా ఉంటుందండీ.

అందుకని కమిటీకి ఒక మాట. వచ్చే సంక్రాంతి ప్రోగ్రాంకి ఒక్క కలంకారీ కళాకారిణిని పిలుద్దాం, సినిమా గెస్ట్‌కి ఇచ్చినట్టే టికెట్, హోటల్, పారితోషికం ఇద్దాం, మధ్యాహ్నమంతా ఆవిడ బట్ట మీద గీస్తుంటే మన హైస్కూల్ పిల్లలే దుబాసీలుగా కూర్చుంటారు. ఈలోగా ఆ పండగ రోజుల్లో మాల్‌కి వెళ్ళండి, స్మిత్‌సోనియన్ మెట్రో స్టేషన్లో దిగితే చాలు, ఎండ ఘోరంగా ఉంటుంది కాబట్టి నీళ్ళు, టోపీలు మర్చిపోవద్దు, పిల్లల చేత కనీసం ఒక ప్రశ్నైనా అడిగించండి. దుబాసీ పనికి మా పిల్లలొస్తారు అనేవాళ్ళు సభ అయ్యాక నా దగ్గర పేర్లు రాయించండి, నేను ఆ తలుపు దగ్గరే ఉంటాను.