ఒక్క గది, ఒక్క పంతులు: మన ఊరి బడి చరిత్ర

సభకు నమస్కారం. ఊళ్ళ నుంచి పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వచ్చిన టీచర్లకు, పెద్దలకు ప్రత్యేకంగా నమస్కారం.

ఒక్క గది బడి అనగానే మనం కారే కప్పు గురించి, విరిగిన బెంచీల గురించి మాట్లాడతాం. అది మాట్లాడాల్సిందే. ఈ పూట మాత్రం నేను రెండు ప్రశ్నలు పట్టుకుంటాను. అన్ని వయసుల పిల్లలకు ఒక్క మనిషి ఎలా చదువు చెప్పగలిగాడు? ఆ గడప లోపలికి ఎవరిని రానివ్వలేదు?

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన సీమలో బళ్ళారి ఒకటి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల లెక్కలు తీయమన్నాడు. మరుసటి ఏడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. వాటిలో 226 తెలుగు బడులు. సగటున బడికి పన్నెండు మంది. ఒక అరుగు మీదో వసారాలోనో పట్టేంత మంది అన్నమాట.

ఆ నివేదికలో బడి మన కళ్ళకు కడుతుంది. ఉదయం ఆరింటికే బడి మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఆలస్యాన్నిబట్టి పెరిగేవి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. కింది పిల్లల్ని పై పిల్లలకు అప్పగించి, పంతులు అందరి మీదా కన్నేసి ఉంచేవాడు. నా మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. నిన్న నేర్చుకున్నవాడు ఇవాళ నేర్పుతాడు, నేర్పుతూ తన పాఠం గట్టిపరచుకుంటాడు. మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమం నడిపిన ఆండ్రూ బెల్ ఇలాంటి పద్ధతినే ఇంగ్లండు తీసుకెళితే, అక్కడ దాన్ని మద్రాసు పద్ధతి అన్నారు. మన అరుగు మీద పుట్టిన తెలివిని మనం గర్వంగా చెప్పుకోవాలి.

గర్వపడి ఊరుకుంటే మాత్రం అన్యాయం చేసినట్టే. అర్థం తెలియని పద్యాలు పిల్లలు బట్టీ పట్టడం కూడా క్యాంప్‌బెల్ రాశాడు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మందే. దళితుల పిల్లల్లో చాలామందికి ఆ అరుగే లేదు. బడులు ఎందుకు తగ్గాయో కూడా ఆయన దాచలేదు: ఇంగ్లండు బట్ట వచ్చి మన నేతపనివాళ్ళ సంపాదన పడిపోయింది, జనం పేదలయ్యారు, పిల్లల్ని బడికి పంపే స్తోమత పోయింది. కంపెనీ కలెక్టరే ఆ మాట ఒప్పుకున్నాడు.

ఇటు నిజాం రాజ్యంలో సర్కారు చదువు చాలావరకు ఉర్దూలో సాగింది. ఊళ్ళో తెలుగు చెప్పింది ఎక్కువగా కానిగి బడి, అంటే ప్రైవేటు బడి, పంతులే. దసరాకు పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాడితే, పంతులుకు కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. తర్వాత అలాంటి బడి పెట్టాలన్నా సర్కారు అనుమతి తప్పనిసరి అయింది. ఈ నగరంలోనే దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లల కోసం తెలుగు బడి తెరిచారు. ఊరి అరుగు మూసిన తలుపును నగరంలో ఒక మనిషి తెరిచాడు. మన బడుల చరిత్రలో నాకు అన్నిటికంటే పెద్ద సంఘటన అదే.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే. 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం అరవై మంది వరకు ఉన్న బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలని రాసింది. అయినా ఏకోపాధ్యాయ బడులు మిగిలే ఉన్నాయి. సారు మండలంలో మీటింగుకు వెళితే అయిదు తరగతులూ ఒకేసారి ఆగిపోతాయి. అప్పుడు పెద్ద పిల్ల చిన్నవాళ్ళను కూర్చోబెట్టుకుంటే అది పాత పద్ధతి కాదు, దిక్కులేక చేసే పని. అరుగు బడిని పొగిడి ఈ కొరతను కప్పిపుచ్చడం నాకు అసలు నచ్చదు.

ఇప్పుడు మీ అందరికీ ఒక పని. పిల్లలు తగ్గి బడులు మూతపడుతున్నాయి, పాత గదులు కూలుస్తున్నారు. వాటితో పాటు అడ్మిషన్ రిజిస్టర్లు చెదల పాలవుతున్నాయి. ఊరికి వెళ్ళగానే హెచ్చెమ్ సారును అడిగి పాత రిజిస్టరు చూడండి. పాతవి ఉర్దూలో, నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరాల్లో ఉండొచ్చు. ఫసలీకి 590 కలిపితే రమారమి మన సంవత్సరం వస్తుంది. ఉర్దూ చదవగలిగే పెద్దలు ఉండగానే పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటి ఆడపిల్ల పేరు ఏ ఏట ఎక్కింది, మాదిగవాడ, మాలవాడ పిల్లల పేర్లు ఎప్పుడు మొదలయ్యాయి, నాలుగో తరగతికి వచ్చేసరికి వాళ్ళలో ఎందరు మిగిలారు అన్నవి ముందుగా రాసుకోండి. పేజీలు ఫోన్‌లో ఫోటో తీసి, ఒక కాపీ బడిలో, ఇంకొకటి మీ ఊరి గ్రంథాలయంలో ఉంచండి.