బోల్టు ఎడమ వైపు ఎప్పుడు పెడతారు సార్? | .177 పీసీపీ ఎయిర్ రైఫిల్ రివ్యూ

నమస్తే అందరికీ, హన్మకొండ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చిన. ముందే చెప్పేస్తా, ఈ పీసీపీ రైఫిల్ (అంటే ముందే నింపి పెట్టుకున్న గాలి ఒత్తిడితో కొట్టేది) నేను కొనలేదు. తెలిసిన షాపాయన రెండు వారాలు వాడి చూడమని ఇచ్చాడు, పైసలేం ఇవ్వలేదు. స్పెక్స్ మీరు ఇప్పటికే నాలుగు వీడియోల్లో చూసుంటారు, అవి మళ్లీ చదవను.

గురి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. మా డాబా మీద, వెనక ఇసుక బస్తాలు పేర్చి 10 మీటర్ల నుంచి 5 పెల్లెట్లు కొడితే అన్నీ రూపాయి బిళ్ల కింద దాక్కున్నాయి. ట్రిగ్గర్ మెత్తగా ఉంది. మంచి తుపాకే.

ఇక నా బాధ. నాది పుర్రచెయ్యి. ట్రిగ్గర్ మీద ఎడమ చెయ్యి, ముందు కట్టె కింద కుడి చెయ్యి. బోల్టేమో, అదే పెల్లెట్ పెట్టాలంటే వెనక్కి లాగే పిడి, కుడి వైపు. ఇప్పుడు బోల్టు లాగాలంటే కుడి చెయ్యి వదిలెయ్యాలి, వదిలితే మూతి కిందికి వాలిపోద్ది. పోనీ ఎడమ చెయ్యి పైనుంచి తిప్పి లాగుదామంటే మధ్యలో స్కోపు అడ్డం. సరే, ఎట్లనో లాగిన. ఇప్పుడు ఆ సందులో పెల్లెట్ పెట్టాలి, నాలుగున్నర మిల్లీమీటర్ల ముక్క, బొటనవేలితో నెట్టగానే పల్టీ కొట్టి తిరగబడింది. గోరుతో సరిచేయబోతే జారి లోపల పడింది. అయస్కాంతంతో తీద్దామా అంటే అది సీసం! తుపాకీ బోర్లించి దులుపుతుంటే మా అమ్మ కింద నుంచి "ఏం పడేసినవ్‌రా" అని ఒకటే అరుపు.

ఇది ఇవాళ్టి గోస కాదు. ములుగు దగ్గర మా పెద్దబాపుకి లైసెన్స్ ఉన్న .315 రైఫిల్ ఉండేది, ఇషాపూర్ ఫ్యాక్టరీది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా గోనెసంచిలో చుట్టి స్టేషన్‌లో జమ చేసి రసీదు తెచ్చుకునేటోడు. ఆ .315 తూటా కథ కూడా భలే ఉంటది. అసలు అది ఆస్ట్రియా సైన్యం వాడిన 8 మిల్లీమీటర్ల మాన్లికర్. .303 మిలిటరీ తూటా, అది జనం చేతిలో ఉండొద్దని బ్రిటిష్ వాళ్లు ఆపడంతో మన దగ్గర ఇది పాతుకుపోయింది. ఖాళీ తుపాకీ ఇచ్చి బోల్టు ఆడించమంటే నేను తడబడేవాణ్ణి, పెద్దబాపు నవ్వేవాడు. తుపాకులు మారినయ్, నా తిప్పలు మాత్రం అవే.

కామెంట్లలో చాలామంది ".22లో ఎందుకు తేవట్లేదన్నా" అని అడుగుతున్నారు. ఆయుధాల నిబంధనలు, 2016 ప్రకారం బోరు (గొట్టం లోపలి వెడల్పు) .177 అంగుళాలు, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు దాటనంతవరకే ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. .22 అయితే పవర్ తక్కువున్నా లైసెన్స్ కావాలి, అప్పుడు ఎవరు కొంటారు? నన్నడిగితే ఎయిర్‌గన్‌లో .22 కోసం కొట్లాడటం దండగ. లైసెన్స్ ఎట్లాగూ తీసుకునేటోళ్ల కోసం మందుగుండుతో పేలే అసలు .22 లాంగ్ రైఫిల్ తూటాకి, ఎడమ బోల్టుతో ఇక్కడే తయారైన తేలికపాటి రైఫిల్ ఒకటి తెస్తే నేను లైన్‌లో మొదట నిలబడతా. ఫిన్లాండ్ తుపాకుల కంపెనీ టిక్కా వాళ్లు టీ3ఎక్స్ రైఫిల్‌లో ఎడమ బోల్టు ఇస్తున్నారు, 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ రైఫిళ్లలోనూ ఎడమచేతి మోడళ్లు మామూలే. అంటే కుదరని పనేం కాదు కదా!

కుడిచేతి వాళ్లయితే కళ్లు మూసుకుని కొనుక్కోండి. నేనైతే నాలుగు రోజుల ముందే తిరిగి ఇచ్చేసిన. ఇస్తూ ఎడమ మోడల్ గురించి కంపెనీకి చెప్పమంటే షాపాయన "ఎంతమంది ఉంటారు తమ్మీ మీలాంటోళ్లు" అన్నాడు. అందుకే మీలో పుర్రచెయ్యి వాళ్లు ఉంటే కింద "ఎడమ" అని ఒక్క మాట రాయండి, లెక్కపెట్టి ఆయనకి పంపిస్తా.