నీళ్ల పేజీ ఎక్కడుంది సారూ?

(జాతీయ ఓటర్ల దినోత్సవం సందర్భంగా నల్లగొండ జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో, రిటైరైన సోషల్ టీచరు ఒకరు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, ఎన్‌ఎస్‌ఎస్ ఆఫీసరు గారికి, తహసీల్దారు ఆఫీసు నుంచి వచ్చినవారికి, ముందు వరుసలో కూర్చున్న నా తోటి రిటైర్డు టీచర్లకు, శాలువా కప్పిన అమ్మాయికి, మైకు పట్టుకుని తిప్పలు పడుతున్న అబ్బాయికి నమస్కారం. అందరి పేర్లూ చదివితే మీ మధ్యాహ్నం బస్సు పోతుంది. ఇంతటితో వదిలేస్తున్నా.

నాకిచ్చిన అంశం ‘ఓటు విలువ’. కార్డు మీద అచ్చు కూడా వేశారు. ఓటు వజ్రాయుధమని, పాశుపతాస్త్రమని వ్యాసరచన పోటీల్లో రాసి ప్రైజులు కొట్టినవాళ్లు ఈ హాల్లోనే పదిమంది ఉంటారు. వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. అందుకే ప్రిన్సిపాల్ గారు కోప్పడకపోతే నేను వేరే సంగతి మాట్లాడతాను. అసెంబ్లీ ఎన్నికలొస్తాయి. మన నియోజకవర్గంలో పదిమందో ఇరవైమందో నిలబడతారు. వాళ్లను ఒకరి పక్కన ఒకరిని పెట్టి ఎట్లా చూడాలి? ఏ విషయాల మీద చూడాలి?

ఊళ్లో ఎవరికి వేస్తావని అడగండి. గాలి ఎటుందంటారు. మనోడా కాదా అంటారు. ఎవరు గెలుస్తరంటారు. ఎంతిస్తున్నరంటారు. ఈ నాలుగు మాటల్లో మన బడి లేదు, దవాఖాన లేదు, నీళ్లు లేవు.

నీళ్లన్నాను కాబట్టి చెబుతాను. నేను మర్రిగూడ వైపు ఒక హైస్కూల్లో పని చేశాను. పదో తరగతి పిల్లలకు ఏటా గ్రూపు ఫొటో తీయించేవాళ్లం. ఫొటోగ్రాఫరు నవ్వమనేవాడు. సగం మంది పెదాలు బిగబట్టుకునేవాళ్లు. ఆడపిల్లలైతే చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మా బోరింగు నీళ్లు ఆ లెక్కను ఎప్పుడో దాటేశాయి. పళ్లతో పోయినవాళ్లు అదృష్టవంతులు. నడుము వంగి, మోకాళ్లు వంకర తిరిగి, మంచం మీదనే పెరిగిన పిల్లలను నేను చూశాను. వాళ్ల పేర్లు హాజరుపట్టీలో ఉండేవి, పిల్లలు బడికి వచ్చేవాళ్లు కాదు. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారు చేసింది. దాని పేరు తెలుసా? ‘నల్లగొండ టెక్నిక్’. మన జిల్లా పేరు ప్రపంచమంతా పోయింది, నీళ్లు మాత్రం మన జిల్లాకు రాలేదు.

1996కు మీరెవరూ పుట్టలేదు. ఆ ఏడు లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. చెవులు సరిగ్గానే విన్నాయి, నాలుగు వందల ఎనభై. దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపు మీద జనం వెళ్లి నామినేషన్లు వేశారు. గెలవడానికి కాదు, మా నీళ్ల గోడు ఢిల్లీకి వినబడాలని. అంతమందికి గుర్తులు ఎక్కడి నుంచి తేవాలి, అంత బ్యాలెట్టు ఎట్లా అచ్చేయాలి? ఎన్నిక వాయిదా వేసి తర్వాత జరిపారు. ధర్మభిక్షం గారు గెలిచారు. అదే ఏడు తమిళనాడులో మొదకురిచ్చి అసెంబ్లీ స్థానానికి రైతులు వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. తర్వాత ఏమైందో తెలుసా? చట్టం మార్చి, నామినేషన్ వేసేటప్పుడు అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ పెంచారు. లోక్‌సభకు 500 ఉన్నది పది వేలైంది, అసెంబ్లీకి 250 ఉన్నది అయిదు వేలైంది. మాకు నీళ్ల కంటే ముందు డిపాజిట్ పెంపు వచ్చింది. ఈ మాట నేను ఏ సభకు వెళ్లినా చెబుతాను, ముందు వరుసలో మా వాళ్లు అప్పుడే నవ్వుతున్నారు చూడండి.

ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా ఇంటికొచ్చింది. వచ్చిందానికి వచ్చిందనాలి. ఆ నల్లా నీళ్లు తాగుతున్నారా, ఇరవై లీటర్ల క్యాన్ కొంటున్నారా అన్నది మీరు ఇంటికి పోయి చూసుకోండి. ఇక సాగునీళ్లు. శ్రీశైలం ఎడమగట్టు సొరంగం దాదాపు 44 కిలోమీటర్లు. 2005లో పని మొదలైంది. ప్రభుత్వాలు మారాయి, ఆఖరికి రాష్ట్రమే మారింది. 2025 ఫిబ్రవరి 22న లోపల పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఇరవై ఏళ్లలో ఆ సొరంగం పేరు చెప్పి ఓట్లడగని అభ్యర్థి లేడు. ఎప్పటికల్లా పూర్తి చేస్తావు, ఏటా ఎంత డబ్బు పెడతావని గట్టిగా నిలదీసిన ఊరు మాత్రం నేను చూడలేదు.

అందుకే కొన్నేళ్ల కింద ఒక అసెంబ్లీ ఎన్నికప్పుడు మేం రిటైర్డు టీచర్లం కలిసి ఒక పని చేశాం. ఏ ఎన్నికో, ఏ నియోజకవర్గమో చెప్పను, చెబితే ఇక్కడే రెండు పార్టీలవుతారు. అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదికి పిలిచాం. అందరికీ ఒకే ప్రశ్నలు, జవాబుకు ఒకే టైము. ఒకాయన తన బదులు బావమరిదిని పంపాడు. ఇంకొకాయన డప్పులతో వచ్చాడు. ఆ డప్పులు ఆపించడానికే మా డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదాల్సి వచ్చింది. ‘తాగునీళ్ల మీద మీ విధానం ఏంటి సారూ’ అని అడిగాం. ‘అంతా మేనిఫెస్టోలో ఉంది’ అన్నాడు ఒక అభ్యర్థి. ‘చదివి వినిపించండి’ అన్నాం. పక్కనున్న కుర్రాడు పుస్తకం అందించాడు. ఆయన అద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పుతున్నాడు, తిప్పుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఒక అవ్వ లేచి ‘నీళ్ల పేజీ ఏడుంది సారూ, మాకు పొద్దుపోతుంది’ అన్నది. ఆయన అట్ట తిప్పి చూసుకుంటే అది అంతకుముందు ఎన్నికల మేనిఫెస్టో! హాలంతా ఒకటే నవ్వు. ఆయన కూడా నవ్వేశాడు, మంచి మనిషే పాపం.

ఆ రోజు బాగా జవాబు చెప్పింది నాకు గిట్టని పార్టీ మనిషి. రిజర్వాయరు కింద భూములు పోయినవాళ్లకు పరిహారం దేని ప్రకారం ఇప్పిస్తావని ఒక రైతు అడిగాడు. మిగిలినవాళ్లు ‘న్యాయం చేస్తాం’ అన్నారు. ఈయన మాత్రం 2013 భూసేకరణ చట్టానికి, 2015లో వచ్చిన 123 జీవోకు తేడా చెప్పాడు. జీవో కింద ఒప్పుకుని సంతకం పెడితే డబ్బు తొందరగా వస్తుంది కానీ పునరావాసం సంగతి చట్టంలో ఉన్నట్టు ఉండదని, తాను చట్టం వైపేనని, అట్లాగైతే ప్రాజెక్టు ఆలస్యమవుతుందని కూడా ఒప్పుకున్నాడు. ఆలస్యమవుతుందని ఓట్లడిగే మనిషి స్టేజీ మీద చెప్పడం నేను అదే చూడటం. ఇంటికొచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మనకు గిట్టని పార్టీలో విషయం తెలిసిన మనిషి ఉంటే ఏం చేయాలి? మీ పౌరశాస్త్రం పుస్తకంలో ఈ పాఠం లేదు.

టైము ఎంతైంది? ఇంకో పది నిమిషాలా? చాలు.

ఆ పాఠంలో చిక్కు ఎక్కడుందంటే, మన దగ్గర ఎమ్మెల్యే ఓటు ఆయన చేతిలో ఉండదు. 1985లో పదో షెడ్యూలు వచ్చింది, ఫిరాయింపుల చట్టం అంటాం. ఇట్లాగే ఓటేయాలని పార్టీ ఇచ్చే ఆదేశమే విప్, అది వచ్చాక దానికి ఎదురు ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు. మరైతే అభ్యర్థిని అడిగి లాభమేంటి మేడం అని మొన్న ఒకమ్మాయి నన్ను అడిగింది. తెలివైన ప్రశ్న. బిల్లు మీద ఎటు ఓటేస్తారో తెలియాలంటే పార్టీ మేనిఫెస్టో చూడాలి. ఆయన నోరు విప్పుతాడో లేదో తెలియాలంటే ఆయననే చూడాలి. విప్ చేతులు కడుతుంది కానీ నోరు కట్టదు. ప్రశ్నోత్తరాల్లో ప్రశ్న వేయొచ్చు, జీరో అవర్‌లో లేవొచ్చు, కమిటీలో కూర్చుని ఫైలు తెప్పించుకోవచ్చు. ఇప్పుడున్న ఎమ్మెల్యే మళ్లీ నిలబడితే, అయిదేళ్లలో మన ఊరి మీద సభలో ఏం అడిగావో చూపించమనండి. పెళ్లిళ్లకు, చావులకు వచ్చాడా లేదా అన్న లెక్క మన దగ్గర పక్కాగా ఉంటుంది. సభలో మాట్లాడాడా లేదా అన్న లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

అడిగేటప్పుడు రాష్ట్రం చేతిలో ఉన్నది అడగండి. ఎమ్మెల్యే అభ్యర్థిని పాకిస్తాన్ గురించి అడిగితే గంటసేపు చెబుతాడు, ఖర్చు లేని మాట కదా. నీళ్లు, పోలీసు, దవాఖానలు, సాగు, భూమి, సారా, గ్రామ పంచాయతీ, ఇవి రాష్ట్ర జాబితాలో ఉన్నవి. భూమి సంగతే చూడండి. 2020 సెప్టెంబరులో మన శాసనసభ కొత్త రెవెన్యూ చట్టం చేసింది. ఊళ్లో భూమి లెక్కలు చూసే వీఆర్వోలు పోయారు, భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2023 నవంబరు 30 ఎన్నికల్లో ఒక పక్షం ధరణి తీసేస్తామన్నది, ఒక పక్షం ఉంచుతామన్నది. ఎన్నాళ్లకో ఓటరు ముందుకు నిఖార్సైన తేడా వచ్చింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. మీ నాయన పాసుబుక్కులో గుంటలు తప్పు పడ్డాయనుకోండి, దిద్దే అధికారం తహసీల్దారుకా, ఆర్డీవోకా, కలెక్టరుకా? అది తేల్చేది మన శాసనసభలోని ఆ 119 మంది ఎమ్మెల్యేలు. అప్పుడు మీ ఇంట్లో ఎవరైనా ఈ ప్రశ్న అడిగి ఓటేశారా? చేతులెత్తండి. ఒకటి... రెండు. పర్వాలేదు, నేను సున్నా అనుకుని వచ్చాను.

అఫిడవిట్ గురించి చెప్పకుండా దిగితే నాకు తిండి సయించదు. అభ్యర్థి తన వివరాలు ప్రమాణం చేసి నామినేషన్‌తో ఇచ్చే కాగితం, ఫారం 26 అంటారు. సుప్రీంకోర్టు 2002లో ఒకసారి, 2003లో ఒకసారి చెబితే గానీ మనకు దక్కని కాగితం అది. కోర్టు మొదటి తీర్పు రాగానే దాన్ని పక్కకు నెట్టడానికి పార్లమెంటులో పార్టీలన్నీ ఒక్కటయ్యాయి, వేరే విషయంలో అంత ఐకమత్యం కనబడదు. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ రాయాలి. 2013 తీర్పు తర్వాత గడి ఖాళీగా వదలకూడదు. అభ్యర్థి సర్కారు ఇంట్లో ఉండి ఉంటే కిరాయి, కరెంటు, నీళ్ల బిల్లులు బాకీ ఉన్నాయా అన్నది కూడా అందులో ఉంటుంది. ఎన్నికల సంఘం ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లో అభ్యర్థి పేరు కొడితే ఫోన్లోనే కనబడుతుంది. మీ చేతిలో ఇప్పుడు వెలుగుతున్న ఫోన్లోనే, మూడో బెంచీ.

మేనిఫెస్టోకూ ఒక నిబంధన ఉంది. 2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఎన్నికల సంఘం ప్రవర్తనా నియమావళిలో చేర్చింది. హామీ ఎందుకిస్తున్నారో, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి. ఎవరు చెబుతున్నారు? అడిగేవాళ్లుంటే కదా.

మునుగోడు ఉప ఎన్నిక మీకు గుర్తుండే ఉంటుంది. 2022 నవంబరు 3. పోటీలో 47 మంది. ఊరికో నాయకుడు మకాం. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, ఈ మాట అక్కడెవరికైనా చెబితే చాయ్ తాగుతూ నవ్వారు. 93 శాతం దాటి పోలింగ్ జరిగింది. జనం ఓటేయడం లేదని ఇక మమ్మల్ని ఎవరూ అనొద్దు. వరుసలో నిలబడ్డాం, సిరా పెట్టించుకున్నాం. మా వీధి అరుగుల మీద మాట మాత్రం మొత్తం రేటు గురించే నడిచింది. ఆ ఇంటికి ఎంత వచ్చింది, మా ఇంటికి ఎందుకు రాలేదు అని. డబ్బు తీసుకున్నవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. ఏళ్ల తరబడి అడిగిన నీళ్లు రానప్పుడు చేతికొచ్చిన నోటు నిజమనిపిస్తుంది. నా కోపం వాళ్ల మీద కాదు, మా చదువుకున్నవాళ్ల మీద. వాళ్ల కంటే మేం తక్కువ తిన్నామేమో గానీ, ఎక్కువేం అడగలేదు.

చీటీ వచ్చింది, ముగించమని. సరే, పెన్నులు తీయండి. ముగించడానికే అంటున్నా, తీయండి. ఒక కాగితం మీద నిలువు గీతలు కొట్టి, పైన అభ్యర్థుల పేర్లకు చోటు వదలండి. పక్కన మొదటి ప్రశ్న: సొరంగం పూర్తయ్యేదాకా మన మండలానికి సాగునీళ్లు ఎక్కడి నుంచి తెస్తావు? రెండోది: మన పీహెచ్‌సీలో రాత్రి పూట డాక్టరు ఉండేటట్టు చూస్తావా, ఆ పోస్టు ఎప్పటికి నింపిస్తావు? మూడోది: మన ఊరి బెల్టు షాపు మీద నీ మాట ఏంటి? ఇది ఆడపిల్లలు అడగండి, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద ఇట్లాగే అడగడం మొదలుపెట్టారు, 1994 ఎన్నికల్లో అది రాష్ట్రమంతా హామీగా మారింది. నాలుగో ప్రశ్న మీది, మీ ఊరిది. జవాబు చెప్పనివాడి గడిలో ‘చెప్పలేదు’ అని రాయండి, ఖాళీ మాత్రం వదలొద్దు.

పదిహేడు నిండినవాళ్లు ఓటరు జాబితాలో పేరు కోసం పెట్టే ఫారం 6 ముందుగానే ఇవ్వొచ్చు, ఫారాలు తహసీల్దారు ఆఫీసు వాళ్లు తెచ్చారు, ఆ తలుపు పక్క బల్ల మీదున్నాయి. మీ నాలుగో ప్రశ్న రాసిన కాగితం కూడా అక్కడే పెట్టి పోండి, నేను బస్సు వచ్చేదాకా కూర్చుని చదువుతాను.